రాకడకు ముందు మాటలు

క్రీస్తు తిరిగి వచ్చేదాకా విశ్వాసి ఎలా నిలబడాలో చెప్పడానికి మన తెలుగు బైబిలు ముఖ్యంగా మూడు మాటలు వాడింది. వాటి మంచి చెడ్డలు విచారించడం ఈ వ్యాస ఉద్దేశం.

మొదటిది 'రాకడ'. ఇది పల్లె మాట. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దల సామెత. తెలియకపోయినా రైతు దుక్కి మానడు. యాకోబు తన పత్రిక ఐదవ అధ్యాయంలో ప్రభువు కొరకు ఓర్చుకునేవారిని వానకు ఎదురుచూసే రైతుతోనే పోల్చాడు. అందుచేత ఆ పోలిక తెలుగులో పరాయిదిగా వినిపించదు.

రెండవది 'నిరీక్షణ'. ఇంగ్లీషువారి 'హోప్' అనే మాటకు అనువాదకులు దీన్ని నిలిపారు. ఆశపడినది దక్కవచ్చు, దక్కకపోవచ్చు. ఎదురుచూసేవాడికి మాత్రం వచ్చేదెవరో తెలుసు. నిశ్చయత ఆ మాటలోనే ఉంది. అయితే ఊరక కూర్చోవడమనే అర్థం కూడా దానిలో తొంగిచూస్తుంది. థెస్సలొనీక సంఘంలో పని మానిన వారిని పౌలు రెండవ పత్రికలో మందలించాడు. రాకడకు తేదీలు లెక్కకట్టే బోధకులు నేటికీ ఉన్నారు. వారికీ ఆ మందలింపు తగును.

ఈ లోటు తీర్చేది మూడవ మాట, 'కనిపెట్టుట'. పైరును కనిపెట్టుకొని ఉంటాము, పసిబిడ్డను కనిపెట్టుకొని ఉంటాము. ఆ మాటలో ఎదురుచూపూ ఉంది, కాపుదలా ఉంది. మూడింటిలో నాకు ఇదే మేలైనదిగా తోస్తుంది.

మన పూర్వుల చరిత్రలో దీనికి సాక్ష్యముంది. 1860 మొదలు 1911 వరకు ఓడలెక్కి నాటాలు చేరిన కూలీలకు అయిదేళ్ళ ఒప్పందం. రోజులు లెక్కపెట్టడం వారికి బాగా తెలుసు. 1903లో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య వారి మధ్యకు వచ్చాడు. ఆయనను పంపినది తెలుగు బాప్తిస్టుల సొంత మిషనరీ సంఘం. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం ఏర్పడింది. పరలోకం కొరకు చూస్తూనే పరాయి నేలమీద ఆరాధనకు చోటు కట్టుకున్నారు. కనిపెట్టుకొని ఉండడమంటే అదే.

ఇక్కడ స్కార్‌బరోలో మన పిల్లలకు కీర్తనల రాగం అందుతోంది, అర్థం జారిపోతోంది. నిరీక్షణ అంటే 'హోప్' అని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. వానకు ముందే దున్నిన రైతును చూపించి ఈ మూడు మాటలూ నేర్పండి. వారి విశ్వాసానికి తాతల భాషలో వేరు దొరుకుతుంది.