చిటపటల దగ్గర చెవి పెట్టేవాళ్లు

బోధన్ అనగానే చక్కెర గుర్తుకొస్తుంది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడినా అది ఉన్న ప్రాంతానికి శక్కర్‌నగర్ పేరు మిగిలింది. నిజామాబాద్‌ది పసుపు మార్కెట్. ఇక్కడ కాఫీ పండదు. అయినా ఇక్కడ ఎవరైనా కాఫీ గింజలు వేయించే చిన్న రోస్టరీ పెట్టాలనుకుంటే తోట అక్కర్లేదు. మంచి పచ్చి గింజ, ఓ రోస్టర్, చురుకైన ముక్కు, చెవి చాలు.

గింజకు అరకు ఉంది. అక్కడి గిరిజన రైతులు మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే, 2017లో, ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు.

అసలు పనితనం రోస్టర్ డ్రమ్ము దగ్గరే. పచ్చిగడ్డి వాసన వేసే గింజ ముందు పసుపుపచ్చగా, తర్వాత దాల్చినచెక్క రంగులోకి తిరుగుతుంది. దాదాపు 200 డిగ్రీల దగ్గర చిటపటమంటుంది. దాన్నే ఫస్ట్ క్రాక్ అంటారు. ఇక చూపు మరల్చకూడదు. తొందరపడితే పులుపు, ఆలస్యమైతే మాడు. దించగానే గాలి తగిలేలా తిప్పుతూ చల్లార్చాలి, లేకపోతే లోపలి వేడికే ఇంకా వేగిపోతుంది.

కిలో పచ్చి గింజ వేయిస్తే చేతికొచ్చేది సుమారు 850 గ్రాములే. ధర కట్టేటప్పుడు కొత్తవాళ్లు ఈ తరుగును మరిచిపోకూడదు.

ఇంత శ్రద్ధకు విలువ కట్టాల్సింది కొనేవాళ్లే. ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూసి కొనండి, గింజగానే కొని, తాగే ముందు పొడి చేసుకోండి.