ఆదివారమునాటి రెటీనా

కంటిలో మెరుపులు మెరయుచున్నవనియు, నల్లని నలుసులు తేలుచున్నవనియు, క్రిందినుండి ఒక నీడ తెరవలె పైకి లేచుచున్నదనియు శనివారము ప్రొద్దు గుంకువేళ వచ్చి చెప్పెడి రోగికి రెటీనా పైభాగము ఊడి క్రిందికి జారుచున్నదని పరీక్షింపకమునుపే ఊహింపవచ్చును. కంటిలో బింబము తలక్రిందుగా పడును గనుక మీది లోపము క్రింది నీడయై తోచును. చదువుటకును, ముఖములు గుర్తించుటకును ఆధారమైన రెటీనా నడిభాగము, అనగా మాక్యులా, యింకను అంటుకొనియేయున్నచో, ఒక దినములోపల శస్త్రచికిత్స చేసి దానిని కాపాడవలెనని మా వృత్తివారి నియమము. అదియు ఊడిన పిదప కొలది దినముల వ్యవధి యున్నది. కావున చక్కగా చూడగలవాడే ముందు బల్ల యెక్కవలయును, చూపు మందగించినవాడు వేచియుండవచ్చును. ఈ వైపరీత్యమును బంధువులకు నచ్చజెప్పుట శస్త్రముకంటెను కష్టము.

1970లో మయామీ నగరమున రాబర్ట్ మాకెమెర్ ప్రారంభించిన, ఇందుకు చేయు విట్రెక్టమీ యను శస్త్రచికిత్స, శస్త్రకారుడొక్కడు ఇంటినుండి పరుగెత్తివచ్చినంతనే జరుగునది కాదు. యంత్రమును కూర్చి నడుపనెరిగిన నర్సు, మత్తు డాక్టరు, గ్యాసు సిలిండరున్న గది తాళపుచెవి దగ్గరుంచుకొన్న గుమాస్తా, వీరందరును ఒక్కమారు దొరకవలయును. ఆదివారమునాడు దొరకనిది సాధారణముగా ఆ తాళపుచెవియే. శనివారము రాత్రినుండి పచ్చిమంచినీరు సైతము ముట్టక పరుండిన ఒక వృద్ధునితో నర్సు మరునాటి మధ్యాహ్నము, ఆపరేషను సోమవారమునకు మారినది, భోజనము చేయవచ్చునని చెప్పగా, ఆయన "ఈ ముక్క నిన్ననే చెబితే పెరుగన్నమైనా తిని పడుకునేవాణ్ణి గదమ్మా" అనెను. కంటినిగూర్చి ఒక్క మాటయు అడుగలేదు.

అట్లని అర్ధరాత్రమున, అలసిన చేతులతో, యంత్రమెరుగని సిబ్బందిని ప్రక్కన బెట్టుకొని కోయుమని నేననను. పైభాగము ఊడినవానిని వెల్లకిల పరుండబెట్టినచో జారుట కొంత మందగించును; తెల్లవారువరకు ఓర్చుకొనుట వివేకమే, సోమవారమువరకు ఓర్చుకొనుమనుట మాత్రము వేరు సంగతి. హైదరాబాదువంటి నగరమున నాలుగు ఆసుపత్రులు కలిసి వంతులు వేసికొన్నచో ఒక్కొక్కదానికి నాలుగు వారములకొక ఆదివారమే పోవును. కాని ఇట్టి ప్రస్తావన వచ్చినపుడెల్ల రోగిని ఎవరు పంపవలెను, ఎవరి యంత్రము వాడవలెను, బిల్లు ఎవరి పేర వ్రాయవలెనను చర్చయే సాగి, వంతులపట్టికలో మొదటి గడి నిండకమునుపే కాఫీలు వచ్చుటయు, సభ ముగియుటయు చూచుచున్నాను.