బరువు ఎటు దిగుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, మా సుపేలాలో తెలుగు వినాలంటే ఎక్కువ దూరం నడవక్కర్లేదు. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కార్ఖానా పనికి వచ్చి స్థిరపడిన ఇళ్లు ఇక్కడ కావలసినన్ని. ఆ ఇళ్లలో క్రేన్ నడిపినవారో, దాని కింద నిలబడి పనిచేసినవారో ఒకరైనా ఉంటారు. క్రేన్ మంచిదో కాదో వాళ్లు హుక్కును చూసి చెప్పరు. హుక్కు మీద పడ్డ బరువు తాడుకు, తాడు నుంచి డ్రమ్ముకు, అక్కడి నుంచి గర్డరుకు, చివరికి స్తంభాల గుండా నేలకు ఎలా దిగుతుందో చూసి చెబుతారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టాన్ని నేను అలాగే చదివాను.

హుక్కు దగ్గర ఉన్నది పదేళ్ల పిల్ల. ఒక సాయంత్రం పుస్తకాల సంచి మూలన పడేసి, "అమ్మమ్మా, నానింక టూషనుకెల్లను" అంటుంది. ఎందుకో చెప్పదు. చెప్పినా, అవతలివాడు మాస్టారు. ఊళ్లో ఆయనకు ఎంత గౌరవమో, పిల్ల మాటకు అంత బరువు తక్కువ. వ్యవహారం సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది.

చట్టం ఈ గౌరవాన్నే పట్టుకుని తిరగేసింది. దాని 5వ సెక్షన్ అక్షరమాలలా సాగుతుంది. పోలీసు, సైనికుడు, ప్రభుత్వోద్యోగి, ఆసుపత్రి సిబ్బంది, విద్యాసంస్థ లేదా ధార్మిక సంస్థ సిబ్బంది, బంధువు, ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో అక్షరం. జాబితా ఎంత పొడుగున్నా ఎవడో ఒకడు సందులోంచి జారిపోతాడని తెలిసినవాళ్లు రాశారు కాబట్టి, చివరికొచ్చేసరికి మరో పలక బిగించారు: బిడ్డ నమ్మే స్థానంలోనో, బిడ్డ మీద అధికారం ఉన్న స్థానంలోనో ఉన్నవాడు, సంస్థలోనైనా, బిడ్డ ఇంట్లోనైనా, మరెక్కడైనా సరే. ట్యూషన్ మాస్టారికి బోర్డు లేకపోవచ్చు, రిజిస్ట్రేషన్ లేకపోవచ్చు. ఆ పలక ఆయన్నీ పట్టుకుంటుంది. ఈ స్థానాల్లో ఉన్నవాడు అత్యాచారానికి పాల్పడితే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు, గరిష్ఠం మరణశిక్ష. తడమడం వంటి నేరానికి కూడా మామూలు వ్యక్తికి 3 నుంచి 5 ఏళ్లయితే, వీళ్లకు 5 నుంచి 7. నిన్నటిదాకా కుటుంబం నోరు నొక్కిన హోదాయే ఇక్కడ శిక్ష బరువును పెంచే రాయి అవుతుంది.

ఇప్పుడు బరువు దిగే దారి. ఫిర్యాదు తల్లిదండ్రులే ఇవ్వాలని లేదు. అమ్మమ్మ ఇవ్వవచ్చు, పక్కింటివాళ్లు ఇవ్వవచ్చు, పిల్ల కూడా చెప్పవచ్చు. 1098కి ఫోన్ చేసినా సరే. 19వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఆ మాటకు ఒక నంబరు వేసి, రాసి, చదివి వినిపించాలి. చెప్పినది పిల్ల అయితే, రాసింది పిల్లకు అర్థమయ్యేంత సరళంగా ఉండాలి. థానాలో హిందీ నడుస్తుంది, పిల్ల నోట శ్రీకాకుళం మాట వస్తుంది. అలాంటప్పుడు దుబాసీని పిలిపించాలని అదే సెక్షన్ చెబుతోంది. ఆ రుసుము కుటుంబం కట్టనక్కర్లేదు. అమ్మమ్మ హిందీ తడబడినా పిల్ల వాంగ్మూలం తడబడకూడదన్నమాట. ఈ చిన్న కీలు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. సొంత భాష మాట్లాడేవాళ్లను మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాసినవాళ్లకు ఇది తట్టదు.

24 గంటల్లో విషయం బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు చేరాలి. సమితి ఒక సహాయక వ్యక్తిని ఇవ్వవచ్చు. వైద్య పరీక్షకు ఎఫ్‌ఐఆర్ నమోదయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వాసుపత్రి అయినా, ఇంకేదైనా, "ముందు కాగితం తెండి" అని అత్యవసర చికిత్స ఆపడానికి వీల్లేదు. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి. థానాలో ఎఫ్‌ఐఆర్ రాయనంటే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. రాయని పోలీసుకూ 21వ సెక్షన్‌లో 6 నెలల వరకు జైలు ఉంది. సంస్థ పరువు పోతుందని కిందివాడి తప్పును కప్పిపెట్టిన పెద్దకు ఏడాది వరకు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు ఇంకొకటి: రాజీ. పెద్దమనుషులు కూర్చుంటారు, స్టాంపు కాగితం వస్తుంది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి కేసులో సరిగ్గా ఇదే జరిగింది. తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు 2022లో కేసు కొట్టేసింది. కుటుంబానికి చెందనివాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ రాజీని పక్కన పెట్టి కేసును బతికించింది. ఇలాంటి నేరం ఇద్దరు వ్యక్తుల మధ్య తగాదా కాదని తేల్చింది. తండ్రి సంతకానికి కూడా ఇక్కడ తాళం తీసే శక్తి లేదు.

వదులుగా ఉన్న బోల్టులూ ఉన్నాయి. విచారణ ఏడాదిలో ముగియాలని 35వ సెక్షన్ అంటూనే "సాధ్యమైనంత వరకు" అనే మాట కలిపింది. చాలా కేసులు ఆ మాటలోంచే జారి ఏళ్ల తరబడి నడుస్తాయి. గట్టిగా బిగిస్తే కుదరనిదేమీ కాదు. హైదరాబాద్ బంజారాహిల్స్ పాఠశాలలో నాలుగేళ్ల పాపపై ప్రిన్సిపాల్ డ్రైవరు చేసిన అఘాయిత్యం 2022 అక్టోబర్‌లో బయటపడితే, 2023 ఏప్రిల్‌కే అతనికి 20 ఏళ్ల శిక్ష పడింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం మాత్రం వాంగ్మూలం చుట్టూ ఉంది. పోలీసు పిల్లను థానాకు పిలవకూడదు. తానే ఇంటికి రావాలి, లేదా పిల్ల కోరిన చోటికి. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళ, ఒంటి మీద యూనిఫాం లేకుండా. మామూలు బట్టల్లో వచ్చిన ఆవిడ వంటింటి గడప దగ్గర చాప మీద కూర్చుంటుంది, అమ్మమ్మ పక్కనే ఉంటుంది. చట్టం గీసిన బొమ్మ ఇది. రాత్రిపూట పిల్లను థానాలో ఉంచే ప్రసక్తే లేదు.

మా జిల్లా కేంద్రం దుర్గ్‌లోని కోర్టులో కూడా అదే చేయి కనబడుతుంది. మాస్టారి తరఫు లాయరు పిల్లను నేరుగా అడగడానికి లేదు. ప్రశ్న జడ్జికి చెప్పాలి, జడ్జి పిల్లను అడగాలి. ఆ చిన్న మలుపులో ప్రశ్నలోని ముల్లు ఊడిపోతుంది. పిల్ల నడవడిక మీద బురద చల్లే ప్రశ్నను జడ్జి రానివ్వకూడదు. మాస్టారు పిల్లకు కనబడకూడదు, కాని పిల్ల మాట ఆయనకు వినబడాలి, ఆయన తన లాయరుతో మాట్లాడుకోగలగాలి. అందుకే తెరో, ఒకవైపు నుంచే కనబడే అద్దమో, వీడియోనో. ముద్దాయి హక్కూ, పిల్ల భయమూ ఒకే తెరకు చెరోవైపు ఇమిడిపోయాయి. తెలుగు దుబాసీ పక్కన, అమ్మమ్మ వెనకాల. అవసరమైతే పిల్లకు మధ్యమధ్యలో విరామం ఇవ్వాలి. మంచినీళ్లు అడిగితే తాగి వచ్చేదాకా ప్రశ్న జడ్జి దగ్గరే ఆగి ఉంటుంది.