డాబాపై సూర్యవిద్యుత్తు: ‘ఉచితం’ అనే మాటకు ఒక లెక్క

మాఘమాసం వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం మైదానాలలో మిరప కల్లాలు ఎర్రబడతాయి. కాయలను ఆరబెట్టే ఎండకు రైతు పైకం చెల్లించడు. కాని కల్లం చదును చేయడానికి, కాయలు తిరగవేయడానికి, రాత్రివేళ పట్టాలు కప్పడానికి ఖర్చు తప్పదు. ఎండ ఉచితమే, దానిని పనికి పెట్టుకోవడం ఉచితం కాదు. ఇళ్ల డాబాలపై సూర్యఫలకాలు అమర్చే ప్రయత్నాన్ని కూడ ఈ దృష్టితోనే పరిశీలించవలసి ఉన్నది.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పథకానికి ‘సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన’ అని పేరు. ముఫ్త్ బిజిలీ అనగా ఉచిత విద్యుత్తు. కోటి ఇళ్లకు దీనిని అందించడం లక్ష్యం. మొదటి 2 కిలోవాట్లకు, కిలోవాటు ఒక్కింటికి 30,000 రూపాయల సహాయం లభిస్తుంది. ప్రభుత్వం వేసిన అంచనాలో కిలోవాటు ఖరీదు 50,000 రూపాయలు. కనుక గృహస్థుని వంతు 20,000 రూపాయలు. షెడ్యూల్డు కులాల, తెగల ఇళ్ల విషయంలో ఆ వంతును కూడ తానే భరిస్తానని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. మిగిలినవారికి లెక్క అవసరం.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చూపిన సిలికాన్ ఘటం, తనపై పడిన కాంతిశక్తిలో నూటికి 6 వంతులను మాత్రమే విద్యుత్తుగా మార్చింది. నేటి ఫలకాలు 20 వంతులకు పైగా మారుస్తున్నవి. ఈ మైదానాలలో ఒక కిలోవాటు ఫలకాల నుండి సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు సుమారు 120 యూనిట్లు ఆశించవచ్చును.

ఇక రెండు ఇళ్లను పోల్చి చూద్దాం. ఏ.సి., ఫ్రిజ్ గల ఒక ఇంట నెలకు 300 యూనిట్లు ఖర్చవుతున్నవి. రాష్ట్రంలో 2022-23 ధరల పట్టిక ప్రకారం ఇందుకు విద్యుత్ చార్జీ సుమారు 1,673 రూపాయలు. 2 కిలోవాట్ల ఫలకాలు 240 యూనిట్లు ఇస్తే, మిగిలిన 60 యూనిట్లకు 147 రూపాయలు చాలును. నెలకు ఆదా 1,526 రూపాయలు. పెట్టిన 40,000 రూపాయలు సుమారు రెండేళ్ల రెండు నెలలలో తిరిగి వస్తవి.

రెండవది చిన్న రైతు ఇల్లు. ఖర్చు 75 యూనిట్లు, చార్జీ 192 రూపాయలు. ఒక కిలోవాటుకు 20,000 రూపాయలు పెట్టి ఈ చార్జీ మొత్తం తప్పించుకున్నను, ఆ సొమ్ము తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. మిగులు యూనిట్లకు వచ్చే జమ ఈ గడువును కొంత తగ్గించవచ్చును; అప్పు చేస్తే వడ్డీ దానిని పెంచుతుంది. తక్కువ వాడేవారికి తక్కువ ధర ఉండడమే ఇందుకు కారణం. ఎండ ఇద్దరిపై సమానంగా పడినను, లాభం ఎక్కువ వాడే ఇంటివైపే మొగ్గుతున్నది. సొంత డాబా లేని అద్దె కాపురం ఈ లెక్కలోకే రాదు.

అమ్మకందార్లు తప్పక చెప్పవలసిన విషయాలు మరి రెండు కలవు. బ్యాటరీ లేని సాధారణ అమరికలో, ఊరి లైను పోయినప్పుడు ఇన్వర్టరు కూడ ఆగిపోతుంది. తీగలపై పనిచేసేవారి ప్రాణరక్షణకై చేసిన ఏర్పాటిది. మిట్టమధ్యాహ్నమైనా పంకా తిరగదు. రెండవది వేడిమి. ఫలకం శక్తిని 25 డిగ్రీల వద్ద కొలుస్తారు. రెంటచింతల వంటి చోట్ల వేసవిలో అది 60 డిగ్రీలకు చేరితే, ఉత్పత్తి నూటికి పన్నెండు వంతుల దాకా తగ్గవచ్చును. పొలాల దుమ్ము తుడవకపోతే మరికొంత నష్టం.

ఇన్ని చెప్పినంతమాత్రాన సూర్యవిద్యుత్తు మేలు తక్కువది కాదు. ఫలకం పాతికేళ్లు పనిచేయగలదు. మధ్యలో ఇన్వర్టరును ఒకసారి మార్చవలసి రావచ్చును. పొగ లేదు, బొగ్గు లేదు. లోపం యంత్రంలో లేదు, ‘ఉచితం’ అనే మాటలో ఉన్నది. ఆ మాటకు బదులు, ఏ ఇంటికి ఎన్ని నెలలలో సొమ్ము తిరిగి వచ్చునో కాగితంపై వ్రాసి చూపాలి. చిన్న ఇళ్లకు, ఊరి ఉమ్మడి భవనంపై ఫలకాలు పరచి, ఆ విద్యుత్తును ఇంటింటి లెక్కలో జమకట్టడం మేలు. క్వింటాలు ధర అడగకుండా కాయ అమ్మని రైతు, ఈ లెక్కను కూడ అడిగి తీరాలి.