కాలు ఊపితే దరిద్రమా?

"కాలు ఊపకురా, దరిద్రం" అనే మాట మన ఇళ్ళలో ఎన్ని తరాల నుంచి ఉందో! పదిహేనేళ్ళ కిందట కౌన్సెలింగ్ గదిలో నేనూ అదే అన్నాను, కాస్త మర్యాదగా: "కదలకుండా కూర్చో నాన్నా, నా కళ్ళలోకి చూసి చెప్పు." ఆ అబ్బాయి బుద్ధిగా కూర్చున్నాడు, చూశాడు. నేనేం అడిగానో మాత్రం గుర్తులేదన్నాడు. ఉన్న ఓపికంతా కదలకుండా ఉండటానికే ఖర్చయిపోయిందని నాకు తట్టడానికి ఏళ్ళు పట్టింది.

నేను చదువుకున్న రోజుల్లో ఒకే మనిషికి ఆటిజం, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవని, కుదురుగా ఉండలేని స్థితి) రెండూ ఉన్నాయని రాయడానికి వీల్లేదు. 2013లో మానసిక సమస్యల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 వచ్చాకే ఆ అడ్డు తొలగింది. పుస్తకం మారింది సరే, నా చెయ్యి మారాలిగా! ఎవరైనా ఆలస్యంగా వస్తే నోట్సులో 'సహకరించడం లేదు' అని రాసేదాన్ని. అరగంట గడిచిన సంగతే కొందరికి ఒంటికి తెలియదని ఇప్పుడు తెలుసు. అందుకే గంట ముందు మెసేజ్ పెడతాను.

పెద్దయ్యాక వచ్చేవాళ్ళు తిట్ల మూట మోసుకొస్తారు. "తెలివుంది, శ్రద్ధే లేదు" టీచరుది. "ఒళ్ళు బద్ధకం" నాన్నది. "నేనంటే లెక్కే లేదు" భార్యది. మొదటి రెండు మూడు వారాలూ ఆ మూట విప్పడంతోనే సరిపోతుంది.

అలాగని "ఉన్నట్టే బాగున్నావు" అని వీపు తట్టి పంపితే అది వైద్యం కాదు. బిల్లు కట్టడం మరిచిపోతే కరెంటు పీకేస్తారు కదా! మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు కొందరికి బాగా పనిచేస్తుంది. అది సైకియాట్రిస్టు చూసుకుంటారు. నా వంతు చిన్న పనులు. బిల్లుల ముందు కూర్చున్నప్పుడు పక్కన ఇంకొకరు తమ పని తాము చేసుకుంటూ కూర్చుంటే చాలామందికి చెయ్యి సాగుతుంది. దీన్ని 'బాడీ డబ్లింగ్' అంటున్నారు. చింతపండు గింజలు తీయాలంటే పక్కింటి పిన్నిగారిని పిలిచి కూర్చోబెట్టుకునే మా అమ్మమ్మకి ఆ పేరు తెలియదు.

ఆఫీసులే చిక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. "చెప్పాల్సింది రాతలో ఇవ్వండి సార్" అని అడగడానికి మేనేజరు మనసే దిక్కు.

మొన్న ఒకతను 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చి, గుమ్మంలోనే మూడుసార్లు సారీ చెప్పాడు. కూర్చోలేదు. కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే చెప్పుకొచ్చాడు. నా కుర్చీ కాస్త గోడవైపు జరుపుకున్నాను, దారికి అడ్డంగా ఉందని.