ఓడదొంగల కథల్లో కనిపించని హాజీలు

గోదావరి ఎగువ అడవుల్లో నరికిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి, నీరు నిండుగా ఉన్న కాలంలో భద్రాచలం మీదుగా దిగువకు వదిలేవారు. వాటిలో చాలా భాగం నరసాపురం చేరేది. పదిహేడవ శతాబ్దంలో నరసాపురం ఓడల నిర్మాణానికి పేరుమోసిన రేవు. వర్తకులకు, ఇంగ్లీషు కంపెనీకి అక్కడి వడ్రంగులు పెద్ద ఓడలు కట్టి ఇచ్చేవారు. ఆ పక్కనే ఉన్న మచిలీపట్నం గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు. 1618 నుంచి 1622 వరకు అక్కడ ఉన్న ఇంగ్లీషు ఉద్యోగి విలియం మెథ్వోల్డ్, ఏటా ఆ రేవు నుంచి ఎర్రసముద్రపు మోఖా రేవుకు ఓడలు వెళ్లేవనీ, మక్కా యాత్రికుల్లోని పేదలకు పంచడానికి సుల్తాను వాటిలో బియ్యం పంపేవాడనీ రాశాడు.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామాల ముస్లింలకు ఓడదొంగల ముచ్చట ఎక్కడో పరాయి సముద్రాలదిగా తోచడం సహజం. కాని ఈ నది కలప, ఈ రాజ్యపు ధాన్యం, ఈ దేశపు హాజీలు వెళ్లిన దారి మీదే ఆ దొంగలు పొంచి ఉన్నారు. అందుచేత ఓడదొంగల పేరిట లోకంలో చెలామణి అవుతున్న నాటకాలను, సినిమాలను దోపిడీకి గురైన ఓడ మీద నిలబడి చూడవలసి ఉంది.

1687లో గోల్కొండ పతనమైన తర్వాత మచిలీపట్నంతో పాటు ఖమ్మంమెట్టు సర్కారు కూడా ఔరంగజేబు ఏలుబడిలోకి పోయింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1695 సెప్టెంబరులో, మోఖా నుంచి సూరత్‌కు తిరిగి వస్తున్న బాదుషా సొంత ఓడ గంజ్-ఎ-సవాయీని హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషువాడు పట్టుకున్నాడు. ఓడ నిండా హజ్ ముగించుకుని వస్తున్న యాత్రికులున్నారు. చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఈ ఘటనను సవివరంగా రాశాడు. ఓడలో 80 ఫిరంగులు, 400 తుపాకులు ఉన్నాయనీ, ఒక ఫిరంగి తమ ఓడలోనే పేలి నష్టం కలిగించిందనీ, దొంగలు 52 లక్షల రూపాయల సొత్తు దోచుకున్నారనీ ఆయన లెక్క. స్త్రీల మానం దోచుకున్నారనీ, కొందరు స్త్రీలు సముద్రంలో దూకి ప్రాణం తీసుకున్నారనీ కూడా రాశాడు. తనవాడే గదా అని నాఖుదా ఇబ్రహీంను ఆయన విడిచిపెట్టలేదు. ఆ నాఖుదా పిరికితనాన్ని పేరు పెట్టి మరీ దుయ్యబట్టాడు. ఓటమికి కారణం కేవలం శత్రువు బలమే అని రాసి తృప్తిపడే చరిత్రకారులకు ఆ వాక్యాలు చదివించదగినవి.

తర్వాత లండన్‌లో జరిగిన విచారణ మరింత గమనించదగినది. ఎవరీ చిక్కలేదు. అతని మనుషుల్లో ఆరుగురిని 1696 అక్టోబరులో ఓల్డ్ బెయిలీ కోర్టులో నిలబెట్టారు. గంజ్-ఎ-సవాయీని దోచిన నేరంపై జూరీ వారిని నిర్దోషులన్నది. కొద్ది రోజులకే అదే మనుషులపై మరో అభియోగం మోపారు. వారు బయలుదేరినప్పుడు తాము పనిచేస్తున్న ఇంగ్లీషు ఓడనే ఎత్తుకుపోయారన్నది ఆ నేరం. దానికి శిక్ష పడింది, నవంబరులో ఐదుగురిని ఉరితీశారు. మొగలాయి ప్రభుత్వం కోపానికి సూరత్‌లోని కంపెనీ ఉద్యోగులు సంకెళ్లపాలయ్యారు. హజ్ ఓడలకు కాపలా ఇస్తామని యూరపు కంపెనీలు ఒప్పుకోవలసి వచ్చింది. అంటే హాజీల కోసం న్యాయస్థానం చేయనిది వ్యాపార భయం కొంతవరకు చేసింది.

కథలు మాత్రం వేరే దారి పట్టాయి. 1712లోనే లండన్ డ్రూరీ లేన్ రంగస్థలం మీద ఎవరీ కథ ఆధారంగా 'ది సక్సెస్‌ఫుల్ పైరేట్' నాటకం ఆడింది. పేరులోనే దొంగకు జయం పలికారు. అందులో అతడు మడగాస్కర్ రాజు. 1724లో వెలువడిన ఓడదొంగల చరిత్ర గ్రంథం అతనికి చోటిచ్చింది. 2016లో వచ్చిన ఒక వీడియో ఆట కథ మొత్తం అతని నిధి వేట మీదే నడుస్తుంది. ఆ నిధి ఎవరిది? హజ్ దారిఖర్చు కూడబెట్టుకున్న గుమాస్తాది, బాదుషాది, ఎర్రసముద్రపు వర్తకుడిది. మూడు వందల ఏళ్లుగా ఆ బంగారం మెరుస్తూనే ఉంది, ఓడలోని మనుషులు మాత్రం కథలో ఎక్కడా తేలరు. వినోద ఉద్యానవనపు సవారీ ఒకదాని నుంచి 2003లో పుట్టిన 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' సినిమాలదీ ఇదే వరస. దొంగ తూలుతూ నడుస్తాడు, పిల్లలు నవ్వుతారు.

దీనికి ముస్లిం లోకం ఇస్తున్న జవాబు కూడా పరీక్షకు నిలవవలసిందే. టర్కీ ప్రభుత్వ టెలివిజన్ టీఆర్‌టీ 2021లో బర్బరోస్సా సోదరుల ధారావాహిక మొదలుపెట్టింది. స్పెయిన్ నుంచి తరిమివేయబడిన ముస్లింలను ఉరూజ్ రయీస్ తన ఓడల్లో ఆఫ్రికా తీరానికి చేర్చాడన్నది గర్వించదగిన విషయం. హైరుద్దీన్ 1538లో ప్రెవెజా వద్ద గెలిచినది ఉస్మానీ నౌకాదళపతిగా, యుద్ధంలో. దానిని దోపిడీ అనడం అన్యాయం. కాని అదే తీరంలో బందీల సంత కూడా ఉండేది. స్పెయిన్ రచయిత సెర్వాంటిస్ 1575 నుంచి 1580 వరకు అల్జీర్స్‌లో బందీ. 1631లో మురాద్ రయీస్ అనే డచ్చి నవముస్లిం నాయకత్వాన వచ్చినవారు ఐర్లండులోని బాల్టిమోర్ అనే పల్లె మీద రాత్రివేళ పడి, ఆడవారూ పిల్లలతో సహా వందకు పైగా మనుషులను ఎత్తుకుపోయారు. ఆ జాలరి పల్లెకూ ఏ సైన్యానికీ సంబంధం లేదు. గంజ్-ఎ-సవాయీ స్త్రీల కోసం కంటతడి పెట్టే పాఠకుడు బాల్టిమోర్ స్త్రీల దగ్గర ఆగకపోతే, అతని బాధ న్యాయానికి సంబంధించినదా, పక్షానికి సంబంధించినదా అన్న సందేహం వస్తుంది.

ఇక్కడ ఫిఖహ్ ఉపయోగపడుతుంది. సూరా అల్ మాయిదా 33వ ఆయతు ఆధారంగా ఫుఖహాలు హిరాబా నేరాన్ని నిర్వచించినప్పుడు దొంగ మతాన్ని గాక దారి భద్రతను కొలతగా తీసుకున్నారు. బాటసారిని భయపెట్టడమే, వారి మాటల్లో ఇఖాఫతుస్సబీలే, నేరానికి మూలం. దోచినది ముస్లిం సొత్తయినా ధిమ్మీ సొత్తయినా శిక్ష తప్పదు. ఊరి వెలుపల జరిగితేనే హిరాబా అని ఇమామ్ అబూ హనీఫా, ఊళ్లో జరిగినా అంతేనని మరికొందరు వాదించారు. కేక వేస్తే సాయం అందని చోటు అన్నది హనఫీల తర్కం. నడిసముద్రం కన్నా సాయం అందని చోటేది? యుద్ధం చట్టం వేరు, దోపిడీ చట్టం వేరు. ఈ గీతను చెరిపేసి ప్రతి దోపిడీకి గజ్వా అని పేరు పెట్టేవారు షరీఅత్‌కు సేవ చేయడం లేదు.

ఈ గీత మీద నిలబడి చూస్తేనే కుంజాలి మరక్కార్‌ల విషయం తేటపడుతుంది. పోర్చుగీసువారు సముద్రం తమదని ప్రకటించి, తమ అనుమతి పత్రమైన కర్తాజు లేని ఓడను పట్టుకునేవారు. దానికి ఎదురుతిరిగిన మలబారు నావికులను ఓడదొంగలన్నారు. షేక్ జైనుద్దీన్ మఖ్‌దూమ్ అరబ్బీలో రాసిన 'తుహ్‌ఫతుల్ ముజాహిదీన్' ఆ అన్యాయానికి ఆనాటి సాక్ష్యం. నాలుగో కుంజాలిని సొంత రాజైన సామూతిరి పోర్చుగీసువారితో కలిసి పట్టించగా, 1600లో గోవాలో చంపారు. ప్రియదర్శన్ తీసిన 'మరక్కార్' సినిమా 2021లో తెలుగులో కూడా విడుదలైంది. జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు పొందింది. ఓడల యుద్ధాలు కన్నులపండువగా ఉన్నాయి. కాని కర్తాజు అన్న ఒక్క అంశాన్ని ప్రేక్షకుడి మనసుకు ఎక్కించలేకపోయింది. తల్లినీ వధువునూ పోగొట్టుకున్న యువకుడు అడవిలో దాగి ఉన్నవారిని దోచి లేనివారికి పంచుతాడు. చివరి కలహం ఒక ప్రేమకథ నుంచి పుడుతుంది. సముద్రం మీద ఎవరికి హక్కు అన్న ప్రశ్న పగ, ప్రేమల మధ్య నలిగిపోయింది. ముస్లిం వీరుడిని తెర మీద గౌరవంగా చూపినందుకు సంతోషించి, ఈ నష్టాన్ని లెక్కించకుండా వదిలిన సమీక్షలు తొందరపాటువి.

పేర్లు పెట్టే అధికారం ఎవరిదన్న ఈ తగవు గోదావరి అడవుల్లో కూడా జరిగింది. రేకపల్లి ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. అంతవరకు గొడ్డలికి నాలుగణాల చొప్పున పోడు చేసుకున్నవారి మీద పన్ను దాదాపు మూడింతలయింది, కొన్ని అడవులు మూసివేయబడ్డాయి. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు జూలైకి ఇక్కడికి పాకింది. ప్రభుత్వ కాగితాల్లో దానికి పడిన పేరు పితూరీ. అరబ్బీ 'ఫుతూర్' ఉర్దూ మీదుగా వచ్చి అలా మారింది. మూలంలో దాని అర్థం సడలిపోవడం, నీరసించడం. తెలుగులోకి వచ్చేసరికి పితూరీ చెప్పడమంటే ఒకరి మీద చాడీలు చెప్పడం కూడా అయింది! అరబ్బీలో ఓడదొంగకు వాడే 'ఖుర్సాన్' సైతం సొంత మాట కాదు, ఇటలీ భాష నుంచి అరువు తెచ్చుకున్నది.

1922 ఆగస్టులో చింతపల్లి ఠాణా మీద పడిన అల్లూరి సీతారామరాజు తీసుకుపోయిన తుపాకుల లెక్క రాసి, సంతకం పెట్టి వెళ్లాడు. బాటసారి మూట ముట్టలేదు. దొంగకూ తిరుగుబాటుదారుకూ భేదం చెప్పడానికి ఆ కాగితం చాలు. 1974 నాటి కృష్ణ సినిమా ఆయనను ఇంటింటికీ తెచ్చింది. అయితే అందులో కొండవారు ఎక్కువగా నాయకుడి వెనుక నడిచే సమూహం. 1879లో గొడ్డలి పన్ను కట్టలేక లేచిన రేకపల్లి పోడు రైతుది ఆ సమూహంలో ఒక ముఖం. రేకపల్లి 2014లో ఖమ్మం జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, కాని దాని పక్కనే పారుతున్నది నరసాపురానికి టేకు మోసిన ఆ నదే.