పాఠశాల మనోవిజ్ఞానంలో డాక్టరేటు: నియమాలు, వాటి పరిమితులు

అమెరికాలో పాఠశాల మనోవిజ్ఞాన డాక్టరేటుకు విధించిన నియమాలు పైకి అంకెల పట్టికలాగే కనిపిస్తాయి. వాటి వెనుక మాత్రం దీర్ఘకాలిక వివాదం ఒకటి ఉంది. బడిపిల్లల మానసిక స్థితిని అంచనా వేసి, వారి చదువు మార్గాన్ని ప్రభావితం చేసే వ్యక్తి ప్రధానంగా పరిశోధకుడై ఉండాలా, సేవానిపుణుడై ఉండాలా అన్నదే ఆ వివాదం.

ఈ శాఖ పుట్టుకలోనే బడి ఉంది. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ నెలకొల్పిన మనోవైజ్ఞానిక చికిత్సాలయానికి తొలిగా వచ్చినవాడు పదాల వర్ణక్రమం పట్టుబడని ఒక బాలుడు. అతణ్ణి తీసుకువచ్చింది ఉపాధ్యాయురాలు. 1949 నాటి బౌల్డర్ సదస్సు చికిత్సా మనోవిజ్ఞానానికి ‘శాస్త్రజ్ఞుడు-వృత్తినిపుణుడు’ అనే ఆదర్శాన్ని నిర్దేశించింది. 1954 నాటి థేయర్ సదస్సు పాఠశాలల కోసం రెండు స్థాయుల శిక్షణను అంగీకరించింది. 1973లో వేల్ సదస్సు వృత్తిప్రధానమైన సైడీ పట్టాకు బలం చేకూర్చింది. నేటికీ పీహెచ్‌డీ మౌలిక పరిశోధనవైపు, సైడీ అనువర్తనవైపు మొగ్గుతాయి.

జాతీయ పాఠశాల మనోవిజ్ఞానుల సంఘం ప్రమాణాల ప్రకారం స్పెషలిస్టు స్థాయికి కనీసం 60 సెమిస్టర్ గంటల చదువు, 1200 గంటల ఇంటర్న్‌షిప్ అవసరం. డాక్టరేటుకు ఇవి వరుసగా 90, 1500. దానికితోడు సిద్ధాంతగ్రంథం. అసలు ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. ఇంటర్న్‌షిప్‌లో బడిలోనే గడపవలసిన కనీస కాలం రెండు స్థాయులకూ 600 గంటలే. పట్టా ఎత్తు పెరిగింది గాని, బడిలో తప్పనిసరి సాన్నిధ్యం పెరగలేదు. అదనపు కాలాన్ని ఆసుపత్రిలోనో చికిత్సాలయంలోనో గడిపినా నియమభంగం కాదు. పాఠశాల పేరు మోసే పట్టాకు ఇది చిన్న లోపం కాదు.

అయితే పరిశోధనా శిక్షణ వ్యర్థమనడం తొందరపాటు. 1979లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానం లారీ పి. వ్యాజ్యంలో, బుద్ధిలబ్ధి పరీక్షల ఆధారంగా నల్లజాతి పిల్లలను మందబుద్ధుల తరగతులకు పంపడాన్ని తప్పుపట్టింది. ఆ పరీక్షలను నిర్వహించడం తెలిసినవారికి కొరత లేదు. వాటి ప్రామాణికతను ప్రశ్నించగలవారే కావలసి వచ్చింది. సాంఖ్యక శాస్త్రం, మాపనసిద్ధాంతం ఇచ్చే నేర్పు అదే. ఇంట్లో తెలుగు మాత్రమే వింటూ పెరిగి అమెరికా బడిలో చేరిన పిల్లవానికీ ఈ నేర్పుతోనే అవసరం. అక్కడి వికలాంగ విద్యా చట్టం సాధ్యమైనంతవరకు పిల్లల సొంత భాషలో మూల్యాంకనం జరగాలంటుంది. అమెరికన్ పిల్లల సగటుపై ప్రమాణీకరించిన పరీక్షను తెలుగులోకి అనువదించి అడిగినంతమాత్రాన ఆ షరతు నెరవేరదు. పదాలు మారాయి గాని ప్రమాణం మారలేదు. ఈ సంగతి గ్రహించడానికి గంటల లెక్క ఒక్కటే చాలదు.

బిరుదు విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. ‘సైకాలజిస్టు’ అనే పేరు డాక్టరేటు ఉన్నవారికే చెందాలన్నది అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వైఖరి. అయినా 2010 నాటి దాని నమూనా లైసెన్సు చట్టం పాఠశాలల్లో పనిచేసేవారికి మినహాయింపును కొనసాగించింది. స్పెషలిస్టు అర్హతతోనే ఎందరో బడులను నడిపిస్తున్న చోట ఇది సిద్ధాంతం కంటే అవసరం నెగ్గిన సందర్భం.

భారతీయ పరిశోధకునికి ఈ చర్చ వేరొక లోటును చూపుతుంది. యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు నిర్దేశించాయి. ఏ శాఖ పరిశోధకుడైనా బోధనలో శిక్షణ పొందాలన్నాయి. ఇవి అన్ని శాఖలకూ ఉమ్మడి నిబంధనలు గనుక, పర్యవేక్షణలో సేవ చేయాలన్న షరతు వీటిలో లేకపోవడం వింత కాదు. ఫలితం మాత్రం గమనార్హం: అభ్యసన వైకల్యాలపై ప్రశ్నావళులు పంచి, గణాంకాలు కట్టి, సిద్ధాంతగ్రంథం సమర్పించిన వ్యక్తి, నిపుణుల పర్యవేక్షణలో ఒక్క పిల్లవానినైనా పరీక్షించకుండానే డాక్టరు కావచ్చు. మరోవైపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. ధ్రువపత్రం కోసం వచ్చే తల్లిదండ్రులకు ఆ పని చేసిపెట్టే నైపుణ్యం సిద్ధాంతగ్రంథం నుంచి రాదు. అమెరికా నియమాలు విధించిన 600 గంటలు, ఎంత తక్కువైనా, కనీసం ఆ పనిని చదువులో భాగంగా లెక్కించాయి.